బొగ్గు పక్కన మట్టి

(కొత్తగూడెంలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)

 ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆయన పూర్తి పేరు, చదువులు, చేసిన ఉద్యోగాలు అన్నీ ఆహ్వానపత్రంలో ఉన్నాయి. నాకు మాత్రం మొదటి క్లాసు నుంచి ఆయన మాస్టారే. ఇక్కడా అలాగే పిలుస్తాను.

బొగ్గు ప్రాంతంలో పుట్టి పెరిగిన మనకు బొగ్గు గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఏ బాయిలో ఎన్ని టన్నులు, ఏ గ్రేడు, ఏ పొర ఎంత మందం, ఇవి టీకొట్టు దగ్గర కూడా వినపడతాయి. బొగ్గు పైన, కింద, మధ్యలో ఉండే మట్టి సంగతి ఎవరూ ఎత్తరు. ఓపెన్ కాస్ట్‌లో దాన్ని ఓబీ (ఓవర్‌బర్డెన్) అనే రెండక్షరాల్లో కలిపేసి డంపర్లకెత్తి గుట్ట పోస్తాం. భూగర్భ గనిలో అయితే పేలుడు మందు కూరిన రంధ్రాల మూతులు మూయడానికి కడ్డీలుగా చుట్టి వాడతాం. మాస్టారు తన సొంత సమయమంతా ఆ మట్టి మీదే పెట్టారు. అందుకే ఈ ఉపన్యాసానికి ఆ మట్టినే తీసుకున్నాను: అది దేనితో తయారైంది, అందులో సహజంగా ఉండే రేడియోధార్మికత ఎంత, అది ఎక్కడి నుంచి వచ్చింది.

ఈ మధ్య ఊళ్లలో ఈ ప్రశ్న వేరే రూపంలో వినపడుతోంది. "సార్, మా దగ్గరి మట్టిలో రేడియేషన్ ఉందటగా?" అని. ఉంది. ప్రతి మట్టిలోనూ ఉంది. ఈ హాలు గోడల్లో ఉంది. 70 కిలోల మనిషి ఒంట్లోని పొటాషియంలోనే సెకనుకు సుమారు 4,400 పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. కాబట్టి ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు. ఎంత ఉంది, ఏ ఖనిజంలో కూర్చుంది, అక్కడి నుంచి కదులుతుందా అన్నవి ప్రశ్నలు. వాటికి జవాబు మట్టి కూర్పులో దొరుకుతుంది. కూర్పు తెలియకుండా రేడియోధార్మికత కొలిస్తే ఒక అంకె వస్తుంది, అంతే. ఆ అంకెతో జనాన్ని భయపెట్టనూ వచ్చు, నోరు మూయించనూ వచ్చు. ఈ రెండూ జరగడం చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మన బొగ్గు కథ 1871లో భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించడంతో మొదలైంది. 1889లో అక్కడ తవ్వకం ఆరంభమైంది. కానీ పొరల కథ అంతకంటే చాలా పాతది. సుమారు 28 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటి గోదావరి లోయ ఒక పొడవాటి పల్లం. రెండు వైపులా పాత గ్రానైట్లు, నైస్ రాళ్లు. వాటిలోని ఫెల్డ్‌స్పార్ వానకు, గాలికి కుళ్లి మెత్తనై, వాగుల వెంట దిగి, నీళ్లు నిలిచిన చోట పేరుకుంది. చెట్లు, ఆకులు మునిగినచోట బొగ్గు అయింది. బురద ఎక్కువగా వచ్చినచోట మట్టిపొర అయింది. రెండూ కలిసినచోట నల్లగా, ఆకుల్లా విడిపోయే షేల్ అయింది. బరాకర్ అని మనం పిలిచే ఆ పొరల వరసలో ఇసుకరాయి, షేల్, మట్టి, బొగ్గు మళ్లీ మళ్లీ వస్తాయి. ఇంతకీ నేను చెప్పబోయే రేడియోధార్మికతకు మూలం బొగ్గు కాదు, ఆ గ్రానైట్లే. బొగ్గు పక్కన మట్టి అన్నంత మాత్రాన ఆ గుణం బొగ్గు నుంచి అంటుకోలేదు.

ఒక ముద్ద చేతిలోకి తీసుకుందాం. బొగ్గుపొర అడుగున దొరికే ఫైర్ క్లే, లేత బూడిద రంగు. గోటితో గీస్తే గీత పడుతుంది, నాలుకకు ఆనిస్తే అంటుకుంటుంది, వేలి మీద ఊది రుద్దితే పిండిలా జారుతుంది. మధ్యలో అక్కడక్కడా నల్లటి నారలు, అవి పాత మొక్కల శేషాలు. దీన్ని నీళ్లలో కలిపి, బరువైన ఇసుక దిగిపోయాక, పైన తేలిన సన్నని భాగాన్ని గాజు పలక మీద ఆరబెట్టి ఎక్స్-రే యంత్రంలో పెడితే 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఒక శిఖరం లేస్తుంది. అదే పలకను 550 డిగ్రీల వేడిలో పెట్టి తీస్తే ఆ శిఖరం మాయమవుతుంది. అంటే అది కెయోలినైట్. దాని శుద్ధరూపంలో సిలికా 46.5 శాతం, అల్యూమినా 39.5 శాతం, మిగతా 14 శాతం నీరు. పొటాషియం లేనే లేదు. 10 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఇంకో శిఖరం ఉండి, వేడి చేసినా అది చెక్కుచెదరకపోతే ఇల్లైట్. పుస్తకం పేజీల మధ్య దాచిన నెమలీకల్లా దాని పలుచని రేకుల మధ్య పొటాషియం ఇరుక్కుని ఉంటుంది. ఈ రెండింటి పాళ్లు ఎంతో తెలిస్తే ఆ మట్టి రేడియోధార్మికత గురించి సగం తెలిసినట్టే.

ఎందుకో చెబుతాను. మట్టిలో సహజ రేడియోధార్మికతకు కారణం ముఖ్యంగా మూడు: పొటాషియం-40, థోరియం-232 పరంపర, యురేనియం-238 పరంపర. మూడింటి నడవడి మూడు రకాలు. ఫెల్డ్‌స్పార్ కుళ్లి కెయోలినైట్ అయ్యేటప్పుడు పొటాషియం నీటిలో కరిగి సముద్రానికి పోతుంది. చిత్తడి నేలల్లోని ఆమ్లపు నీరు ఎంత ఎక్కువ కడిగితే మట్టి అంత తెల్లబడుతుంది, పొటాషియం అంత తగ్గుతుంది. థోరియం అలా కాదు. అది నీటిలో దాదాపు కరగదు. మట్టి రేణువుల పైపూతలోనో, జిర్కాన్, మోనజైట్ లాంటి మొండి గింజల్లోనో ఉన్నచోటే ఉంటుంది. మిగతావి కొట్టుకుపోయేసరికి దాని పాలు పెరుగుతుంది. యురేనియంది మూడో తరహా. గాలి తగిలే నీటిలో కరిగి తిరుగుతుంది. కార్బన్ ఉండి ఆక్సిజన్ లేని చోటు తగలగానే రూపం మారి గడ్డకట్టి ఆగిపోతుంది. బొగ్గుపొర అలాంటి చోటే. అందుకే చాలా గనుల్లో యురేనియం పొరంతటా సమానంగా ఉండదు, బొగ్గూ మట్టీ ఒకదాన్నొకటి తాకే అంచున ఎక్కువ కనబడుతుంది. అంచు నుంచి గజం దూరం జరిగితే కథ మారిపోతుంది.

మాస్టారు నమూనా తీసుకునే పద్ధతిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇక్కడే వస్తుంది. ఆయన సంచి మీద అతికించే చీటీలో మొదటి గీతలో ఊరి పేరు ఉండేది కాదు. "పైన ఏముంది, కింద ఏముంది, బొగ్గుకు ఎన్ని అంగుళాల దూరం" అనే ఉండేది. ఊరి పేరు ఆ తర్వాత. ఫలానా గని మట్టిలో ఇంత యురేనియం అని రాసిన నివేదిక ఎక్కడ కనబడినా నేను మొదట వెతికేది ఆ గీత కోసమే. అది లేకపోతే ఆ అంకెను పక్కన పెడతాను.

ఇప్పుడు కొంచెం లెక్క. విద్యార్థులు కాగితం తీసుకోండి. బెక్వెరల్ అంటే సెకనుకు ఒక విచ్ఛిన్నం. ఒక శాతం పొటాషియం ఉన్న మట్టిలో కిలోకు సుమారు 310 బెక్వెరళ్ల పొటాషియం-40 ఉంటుంది. పదిలక్షల పాళ్లలో ఒక పాలు యురేనియం అంటే 12.35 బెక్వెరళ్లు, అదే థోరియం అయితే 4.06. ప్రపంచ సగటు షేల్‌లో యురేనియం 3.7, థోరియం 12 పాళ్లు, పొటాషియం 2.66 శాతం అని పాత భూరసాయన పట్టికలు చెబుతాయి. గుణిస్తే కిలోకు వరసగా 46, 49, 825 బెక్వెరళ్లు. పక్కనే ఒక ఫైర్ క్లేను ఊహించుకుందాం. బాగా కడగబడి పొటాషియం అర శాతానికి పడిపోయింది, థోరియం 18 పాళ్లకు పెరిగింది, యురేనియం 4 పాళ్లు. ఇవి వరసగా పొటాషియం 155, థోరియం 73, యురేనియం 49.

ఊరికే కూడితే షేల్‌లో మొత్తం 920, ఫైర్ క్లేలో 277. చూసినవాళ్లెవరైనా రెండోది మూడోవంతు కూడా లేదంటారు. కానీ పొటాషియం-40 విచ్ఛిన్నాల్లో దాదాపు 11 శాతమే గామా కిరణాన్ని ఇస్తాయి. థోరియం, యురేనియం పరంపరల్లో చాలా మెట్ల దగ్గర గామా కిరణాలు వస్తుంటాయి. అందుకే రేడియం తుల్యత అనే కొలతలో థోరియంను 1.43తో, పొటాషియంను 0.077తో హెచ్చవేసి యురేనియం పరంపరలోని రేడియంకు కలుపుతారు. అలా చూస్తే షేల్‌కు 179, ఫైర్ క్లేకు 166. రెండూ దాదాపు ఒకటే. ఇళ్ల నిర్మాణ సామగ్రికి చాలాకాలంగా వాడుతున్న హద్దు 370. ఆ 370 కూడా ప్రకృతి గీసిన గీత కాదు, పాత కొలమానంలో 10 నానోక్యూరీలు. చేతికందిన గుండ్రటి అంకె. 369 వస్తే క్షేమం, 371 వస్తే ప్రమాదం అనే తీరులో దాన్ని వాడకూడదు.

ఇక బూడిద దగ్గరికి వస్తాను, ఎందుకంటే మట్టి కథలో పెద్ద భాగం అక్కడే ఉంది. మన బొగ్గులో బూడిద శాతం ఎక్కువని అందరూ నిందిస్తారు. 35 నుంచి 45 శాతం దాకా ఉండటం మామూలే. ఆ బూడిద ఏమిటి? అత్యధికంగా మట్టే. బొగ్గు పేరుకున్నప్పుడే దాని కణకణంలో కలిసిపోయిన కెయోలినైట్, ఇల్లైట్, సన్నని క్వార్ట్జ్. కార్బన్ కాలిపోయాక మిగిలేది కాల్చిన మట్టి. బొగ్గులోని థోరియం, యురేనియం చాలావరకు ఆ ఖనిజభాగంలోనే ఉంటాయి కాబట్టి బూడిదలోకి చేరతాయి. ఎన్ని రెట్లు పెరుగుతాయన్నది చిన్న భాగహారం. 10 శాతం బూడిద ఉన్న బొగ్గు కాలితే పది రెట్లు. 40 శాతం ఉన్నది కాలితే రెండున్నర రెట్లు. రెండు పాళ్ల యురేనియం ఉన్న బొగ్గు మొదటి సందర్భంలో 20 పాళ్ల బూడిదనిస్తుంది, రెండో సందర్భంలో 5 పాళ్లది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1997లో ప్రచురించిన పత్రంలో అక్కడి బూడిదకు 10 నుంచి 30 పాళ్లు అని ఉంది. ఆ అంకెను అలాగే తెచ్చి రామగుండం విద్యుత్ కేంద్రం బూడిదకు అంటించడం తప్పు. మన బూడిదకు మన కొలతే కావాలి.

1978లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు బొగ్గు కేంద్రం, అణువిద్యుత్ కేంద్రం చుట్టుపక్కల జనానికి గాలిలోకి వెళ్లే వాటివల్ల వచ్చే మోతాదులను పోల్చి 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. జాగ్రత్తగా రాసిన వ్యాసమది. అది పోల్చింది మామూలుగా నడిచే కేంద్రాల పొగగొట్టాలను మాత్రమే. కాలక్రమంలో అదే మాట ఆ నోటా ఈ నోటా పడి "బొగ్గు బూడిద అణువ్యర్థం కంటే రేడియోధార్మికం" అయి కూర్చుంది. వాడేసిన అణుఇంధనం పక్కన నిలబడటానికి, బూడిద కుప్ప పక్కన నిలబడటానికి పోలికే లేదు. బూడిద చెరువు పక్కన బతికేవాళ్లకు బాధలు నిజంగా ఉన్నాయి. ఎండాకాలం గాలికి లేచే దుమ్ము, బావిలోకి దిగే లోహాలు, పంట మీద పేరుకునే పొర. ఈ అబద్ధపు పోలికతో ఆ బాధలు పక్కకు పోతాయి, అదే నాకు కోపం తెప్పించేది.

అయితే బొగ్గు, మట్టి కలిసినచోట నిజంగా ప్రమాదం వచ్చిన సందర్భాలు ప్రపంచంలో ఉన్నాయి, వాటిని దాచకూడదు. స్వీడన్‌లో ఆలం షేల్ అని ఒక నల్లటి పాత మట్టిరాయి ఉంది. ఆక్సిజన్ లేని సముద్రపు అడుగున, నీటిలోని యురేనియాన్ని కోట్ల ఏళ్ల పాటు పీల్చుకుంటూ పేరుకున్నది. తనలో ఉన్న సేంద్రియ పదార్థంతోనే మండుతుంది. 1929 నుంచి 1975 దాకా దాంతో తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు చేసి ఎన్నో ఇళ్లు కట్టారు. నీలి కాంక్రీటు అని పేరు. కొన్ని దిమ్మెల్లో రేడియం కిలోకు 2,000 బెక్వెరళ్లు దాటింది. ఆ ఇళ్లలో రేడియం నుంచి పుట్టే రాడాన్ వాయువు సమస్యను వాళ్లు ఇప్పటికీ మోస్తున్నారు. జర్మనీలో డ్రెస్‌డెన్ దగ్గర ఫ్రైటాల్‌లో బొగ్గునే యురేనియం కోసం తవ్వారు. పోలండ్‌లోని సైలీషియా గనుల్లో అయితే లోతు నుంచి తోడిన ఉప్పునీటితో రేడియం పైకొచ్చి, నీరు నిలబెట్టిన చెరువుల అడుగు బురదలో చేరింది. పుట్టుకతో ఏ దోషం లేని మట్టి నీటి వల్ల మారింది. గోదావరి లోయ మంచినీటి పొరలు స్వీడన్ సముద్రపు పొరల్లాంటివి కావు. కానీ ఆ సైలీషియా సంగతి గుర్తుపెట్టుకుని, గని నీరు వదిలే చోట అడుగు మట్టిని కూడా కొలవాలని మాస్టారు అంటుండేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది.

పెద్దపల్లి చుట్టూ ఇటుక బట్టీలు ఎన్నో మీకు తెలుసు. అక్కడ మట్టిలో బూడిద కలిపి అచ్చు పోస్తారు. కాల్చినప్పుడు ఏమవుతుంది? మట్టిలోని నీరు పోయి బరువు తగ్గుతుంది, రేడియం అలాగే ఉంటుంది. శుద్ధ కెయోలినైట్ 14 శాతం బరువు కోల్పోతే కిలోకు లెక్క 16 శాతం పెరుగుతుంది. కొత్తగా ఏమీ పుట్టలేదు, హారం తగ్గింది. మరోవైపు వేడికి రేణువులు గాజులా అతుక్కుంటాయి కాబట్టి లోపల పుట్టిన రాడాన్ బయటికి రావడం తగ్గుతుంది. కొలిమిలోంచి వచ్చిన బూడిద గోళాలూ గాజువే. అందువల్ల రేడియం ఎంతుందో చూసి రాడాన్ కూడా అంతే వస్తుందని అనుకోకూడదు. రాడాన్-222 అర్ధాయువు 3.8 రోజులు, దానికి గోడ దాటి గదిలోకి వచ్చే వ్యవధి ఉంది. థోరియం నుంచి పుట్టే థోరాన్‌కు ఉన్నది 56 సెకన్లు, చాలావరకు గోడలోనే అంతమవుతుంది. ఇక కొత్త ఇళ్లలో మనం మోజుపడి పరిపించుకునే గ్రానైట్ పలకల మాటేమిటి? ఎర్రటి పొటాష్ ఫెల్డ్‌స్పార్ నిండిన రాయి మామూలు మట్టి ఇటుక కంటే ఎక్కువ గామా ఇవ్వడం అరుదేమీ కాదు. మట్టికి తల్లి ఆ రాయే. తల్లిని హాల్లో పరిచి బిడ్డను చూసి బెదరడం ఎందుకో నాకు అర్థం కాదు.

కొలత ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి, ఎందుకంటే తొందరపాటు ఇక్కడే కొంప ముంచుతుంది. మట్టిని 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, నూరి, జల్లించి, ప్లాస్టిక్ డబ్బాలో నింపి గాలి చొరకుండా మూసేస్తారు. అప్పుడు దాదాపు నెల రోజులు అలా వదిలేస్తారు. నూరినప్పుడు పారిపోయిన రాడాన్ మళ్లీ పుట్టి, రేడియంతో సమతూకానికి రావాలి. ఏడు అర్ధాయువులు, అంటే 27 రోజులు గడిస్తే 99 శాతం చేరుతుంది. ఆ తర్వాతే డిటెక్టర్ మీద పెట్టాలి. పొటాషియం 1460 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, రేడియం పరంపర 1764 దగ్గర, థోరియం పరంపర 2614 దగ్గర పలుకుతాయి. చేతిలో పట్టుకునే మీటరుతో కుప్ప మీద నిలబడి తీసిన అంకెను కిలోకు బెక్వెరళ్లుగా రాసినవి కూడా నా దగ్గరికి వచ్చాయి. అది కొలత కాదు. జనానికి అలాంటి కాగితాలు ఇవ్వడం అన్యాయం.

ఈ దారిలో మన కంటే ముందు నడిచిన ఒకరిని తలచుకోవాలి. సి. మహదేవన్ 1920ల చివర్లో కలకత్తాలో శాస్త్రవేత్త సి.వి. రామన్ దగ్గర పనిచేస్తూ బొగ్గును ఎక్స్-రేలతో పరీక్షించారు. కార్డియరైట్ ఖనిజంలో రేడియోధార్మిక గింజల చుట్టూ ఏర్పడే రంగు వలయాల మీదా రాశారు. ఆ తర్వాత హైదరాబాద్ రాజ్య భూగర్భ శాఖలో, ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. బొగ్గు, ఎక్స్-రే, రేడియోధార్మికత మూడూ ఒకే మనిషి చేతుల్లో దాదాపు వందేళ్ల కిందటే కలిశాయి. మన కాలేజీల్లో ఇవి మూడు వేరు వేరు విభాగాల్లో ఉండి ఒకరి గదిలోకి ఒకరు వెళ్లరు.

ఇంకొక్క సంగతి, నా మనసులో బరువుగా ఉన్నది. మట్టి పని చేసేవాళ్లు నన్ను రేడియేషన్ గురించి అడుగుతారు. అడుగుతూనే క్వార్ట్జ్ దుమ్ము పీలుస్తుంటారు. ఫైర్ క్లే నూరే మిల్లులో, బట్టీలో, డ్రిల్లు దగ్గర గాలిలో తేలే ఆ సన్నని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. కూర్పు పరీక్షలో క్వార్ట్జ్ శాతం రాసే గడి ప్రతి నివేదికలోనూ ఉంటుంది. దాన్ని చదివి చెప్పేవాళ్లే లేరు. రేడియం గడి చూసి హమ్మయ్య అనుకుని నివేదిక మూసేస్తారు. మూయకండి. మట్టిని తడిపి నూరమనండి, పంకా, మాస్కు అడగండి. గనుల్లో మీథేన్‌ను బయటికి పంపడానికి పెట్టిన పెద్ద ఫ్యాన్ రాడాన్‌ను కూడా తోసుకుపోతుంది. బయట బట్టీలో అలాంటి ఫ్యాన్ ఎవరూ పెట్టరు.

విద్యార్థులకు ఒక పని. ఈ వేసవిలో నాలుగు చోట్ల నమూనాలు తీద్దాం: బొగ్గుపొర పైకప్పు, మధ్యలో వచ్చే మట్టి పట్టీ, అడుగు ఫైర్ క్లే, గని నీరు వదిలే వాగు అడుగు. గనిలోకి అనుమతి, తోడుగా గని పర్యవేక్షకుడు (ఓవర్‌మన్) లేకుండా ఎవరూ దిగొద్దు. ప్రతిచోటా రెండు సంచులు, ఒకటి ఎక్స్-రేకు, ఒకటి గామాకు. పోల్చడానికి ఆ ఊరి పొలం మట్టి ఒకటి, బట్టీ ఇటుక ఒకటి. చీటీ మొదటి గీత మాస్టారి పద్ధతిలోనే ఉండాలి. ఫలితాలు తెలుగులో, ఒక్క పేజీలో, ఆ గ్రామపంచాయతీ బోర్డు మీద అంటించాలి. పత్రికలో వ్యాసం తర్వాత చూసుకుందాం. జల్లెడలు, మూత గట్టిగా బిగిసే డబ్బాలు నా దగ్గర ఉన్నాయి. సభ అయ్యాక పేర్లు ఇవ్వండి.